పక్క సీటు

నాలుగు టైర్ల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టి, బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ వేసి, భీమశంకరం గారు నడుం మీద చెయ్యి వేసుకుని లేచారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆయన ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతుకుతారు. శనివారం వచ్చిందంటే పంచె కట్టుకుని, అమెరికాలోని మోరిస్‌విల్‌లో తెలుగువాళ్ళ కొత్త కార్లకీ కొత్త ఇళ్ళకీ దోషాలు తీసేస్తారు. గుడిలో స్లాట్ దొరకలేదని శశికాంత్ తన కొత్త కారు పూజకి ఆయన్ని అపార్ట్‌మెంట్ పార్కింగ్ లాట్‌కే పిలిపించాడు.

"మీది ఏ రాశి అన్నారు?" అని అడిగారు శశికాంత్‌ని.

"మీనం."

"ఏలినాటి శని నడుస్తోంది కదండీ. మొదటి చుట్టు మీ చేత్తో వద్దు. మీ మిసెస్‌ది?"

"తుల."

"బ్రహ్మాండం. నిమ్మకాయలు ఆవిడ చేత తొక్కించండి."

జ్ఞానప్రసూన చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, "నాకు ఉన్నది పర్మిటే అండీ. లైసెన్స్ టెస్ట్ గురువారం," అంది. పర్మిట్ మీద నడిపేటప్పుడు పక్క సీట్లో లైసెన్స్ ఉన్న మనిషి కూర్చోవాలి. ఆ సంగతి అక్కడున్న ఇరవై మందికీ తెలుసు. అందరూ ఆ గండం దాటి వచ్చినవాళ్ళే. కానీ నాలుగడుగులు ముందుకి పోవడానికి కూడా చట్టమేమిటని నవ్వారు.

"శశీ, నువ్వు పక్కన కూర్చో," అంది ప్రసూన మొగుడితో.

"నేను కూర్చుంటే వీడియో ఎవరు తీస్తారు? రాగిణి తీస్తే తలకాయలు ఉండవు." శశికాంత్ అప్పటికే ఫోన్ పట్టుకుని కారు ముందు ఓ పక్కగా నిలబడ్డాడు.

ప్రసూన డ్రైవర్ సీట్లో కూర్చుంది. అది ఎలక్ట్రిక్ కారు. శబ్దం లేదు, వణుకు లేదు, బతికి ఉందో లేదో తెలియదు. ఆమె నేర్చుకున్నది కింది వాటాలో ఉండే నెల్లో జాంపెరి గారి పాత కార్లో. ఆ బండి కాలు పెట్టగానే మూలిగేది. శశికాంత్ రెండు ఆదివారాలు నేర్పబోయి, రెండుసార్లూ అరిచి, స్టీరింగ్ మీద చెయ్యేసి లాగి, చివరికి నీకు రాదని తేల్చేశాడు. అది మెట్ల కింద నుంచి విన్న ముసలాయన మర్నాడు పొద్దున్న తాళాలు పట్టుకుని తలుపు కొట్టాడు. అప్పటినుంచి మూడు నెలలుగా రోజూ ఆయన పక్కన కూర్చున్నాడు, ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు.

ఆయన నేర్పినట్టే ఆమె మెత్తగా నొక్కింది. కారు నిమ్మకాయలకి ఆనుకుని ఆగిపోయింది.

"ఇంకొంచెం," అన్నారు భీమశంకరం గారు.

"ఏం గాదు ప్రసూనా, జర గట్టిగ నొక్కు," అంది స్నేహితురాలు రాగిణి. కరీంనగర్ మనిషి, దేనికీ జంకదు.

"ఒక్కసారి నొక్కి వదిలెయ్. పగిలిన సౌండ్ వీడియోలో రావాలి," అన్నాడు శశికాంత్.

సరిగ్గా అప్పుడే నెల్లో గారి కారు కూరగాయల సంచీలతో లాట్‌లోకి వచ్చింది. జనాన్ని చూసి ఆయన కొత్త కారుకి ఎదురుగా ఆగాడు. అద్దం దించి, మోచెయ్యి బయట పెట్టి, పూజ చూస్తూ కూర్చున్నాడు. పోయిన ఏడాది ఇంకెవరి కారు పూజలోనో ఆయనకి కొబ్బరిముక్క పెట్టారు. అది నచ్చినట్టుంది.

ప్రసూన గట్టిగా నొక్కింది. నిమ్మకాయలు పగిలిన చప్పుడు ఎవరికీ వినబడలేదు. కారు ఒక్క గెంతు గెంతి ఎదురుగా ఆగి ఉన్న పాత కారు పక్క రేకులోకి దూసుకుపోయింది.

నెల్లో గారి కనుబొమ మీద చర్మం చిట్లింది. పెద్ద దెబ్బ కాదు గానీ, ముసలివాళ్ళ రక్తం తొందరగా ఆగదు. పై అంతస్తు బాల్కనీలోంచి ఒక అమెరికన్ ఆవిడ ఆ రక్తం చూసి పోలీసులకి ఫోన్ చేసేసింది.

శశికాంత్ డోర్ తీసి ప్రసూనని చెయ్యి పట్టుకుని దింపి, ఆ సీట్లో తను కూర్చున్నాడు. "నువ్వు మాట్లాడకు. పర్మిట్ మీద ఒక్కదానివే నడిపావని తెలిస్తే ఇన్సూరెన్స్ వాడు చేతులెత్తేస్తాడు. గ్రీన్‌కార్డ్ ఫైల్ పెండింగ్‌లో ఉంది. పోలీస్ రికార్డులో నీ పేరు పడకూడదు."

"ఆయనకి రక్తం కారుతోంది శశీ."

"అంబులెన్స్ వస్తుంది. నువ్వు మాట్లాడకు." అంటూనే ఫోన్‌లో వీడియో డిలీట్ చేశాడు.

వచ్చిన పోలీసు కుర్రవాడు, మర్యాదస్తుడు. శశికాంత్ చక్కటి ఆఫీసు ఇంగ్లిష్‌లో చెప్పాడు. మేము మతపరమైన కార్యక్రమం చేసుకుంటున్నాం, కారు ఆగి ఉంది, నేను లోపల కూర్చున్నాను, ఆయన కారు తిప్పుతూ వచ్చి మా కారు ముందు భాగానికి రాసుకున్నారు. పోలీసు నెల్లో గారి వైపు తిరిగాడు.

"నేను ఆగి ఉన్నాను. ఆ కారు దూకింది," అన్నాడు నెల్లో గారు.

"మీ వయసెంత సార్?"

"తొంభై రెండు."

అక్కడి నుంచి పోలీసు గొంతు మారిపోయింది. చిన్నపిల్లలతో మాట్లాడినట్టు వంగి, నెమ్మదిగా, గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టాడు. తర్వాత జనం వైపు చూసి, ఎవరైనా చూశారా అని అడిగాడు. ఇరవై మందీ చూశారు. భీమశంకరం గారు వంగి పగిలిన నిమ్మచెక్కలు ఏరుకున్నారు. రాగిణి, మేమంతా ఫోటోకి నిలబడ్డాం, అటు చూడలేదు అంది. నలుగురితో నారాయణ అన్నట్టు మిగతావాళ్ళూ తలలూపారు.

నెల్లో గారు నుదుటి మీద గుడ్డ అదుముకుని ప్రసూన వైపు ఒక్కసారి చూశాడు. స్టీరింగ్ ముందు ఎవరు కూర్చున్నారో ఆయన పోలీసుకి చెప్పలేదు. కారు దూకిందనే అన్నాడు. ఆమె దగ్గర ఉన్నది పర్మిటేనని ఆయనకి తెలుసు. ఆ మంచితనం అర్థమయ్యేసరికి ప్రసూనకి ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా. చుట్టూ ఉన్నవాళ్ళు అదంతా భయం వల్లే అనుకున్నారు.

ఆదివారం పొద్దున్న కింద నుంచి టకటకమని చప్పుడు. ప్రసూన మిగిలిన పులిహోర డబ్బాలో పెట్టుకుని దిగింది. నెల్లో గారు కనుబొమ మీద ప్లాస్టర్‌తో, ఒక చిన్న పీట మీద కూర్చుని సొట్టపోయిన రేకుని వెనకనుంచి కొడుతున్నాడు. ఒక చేత్తో రబ్బరు సుత్తి, ఇంకో చేత్తో చెక్కముక్క. నాలుగు దెబ్బలు వేసి, ఆగి, కళ్ళు మూసుకుని అరచేత్తో రేకు తడిమి చూస్తాడు. మళ్ళీ నాలుగు దెబ్బలు. పగిలిన సిగ్నల్ లైటు మీద అప్పటికే నారింజరంగు టేపు శుభ్రంగా అతికించాడు.

"ఇప్పుడెందుకండీ ఇదంతా?"

"గురువారం నీ టెస్టు. సిగ్నల్ వెలగకపోతే వాళ్ళు బండి ఎక్కరు." నెల్లో గారి ఇంగ్లిష్‌లో అరవై ఏళ్ళయినా ఇటలీ పోలేదు, ప్రసూన ఇంగ్లిష్‌లో ఏలూరు పోలేదు. అందుకే వాళ్ళిద్దరిలో ఒకరి మాట ఒకరికి బాగా అర్థమయ్యేది.

తన కొత్త కారు షెడ్డుకి పోయిందని, టెస్టుకి ఏ కారు తీసుకెళ్ళాలో కూడా తను ఆలోచించలేదని ఆమెకి అప్పుడు తట్టింది. ఆయన ఆలోచించాడు.

ఆయన సుత్తి కింద పెట్టాడు. "నిన్నొకటి అడగాలి. నా పాదం బ్రేక్ మీద ఉందని నాకు గుర్తు. నిన్న రాత్రి నా కూతురు లిండా షార్లెట్ నుంచి ఫోన్ చేసింది. నాన్నా, ఈ వయసులో గుర్తులను నమ్మకూడదంది. పోలీసూ అలాగే అన్నాడు. నువ్వు నాకు ఎదురుగా ఉన్నావు. నా కారు కదిలిందా?"

పైన బాల్కనీలో శశికాంత్ కాఫీ కప్పుతో నిలబడి ఉన్నాడు.

"నేను సరిగా చూడలేదు నెల్లో గారూ," అంది ప్రసూన.

ఆయన తలూపాడు. మళ్ళీ సుత్తి తీసుకున్నాడు. ఈసారి రెండు దెబ్బలకే చెయ్యి ఆగిపోయింది. తన కుడి పాదం వైపు చూసుకున్నాడు. బూటు కొంచెం పైకెత్తి, నేల మీద మెల్లగా నొక్కి చూసుకున్నాడు. ఆమె పులిహోర డబ్బా అక్కడే పెట్టి మెట్లెక్కేసింది.

"చెప్పేద్దాం శశీ," అంది లోపలికి రాగానే.

"ఏం చెప్తావు? పోలీసుకి అబద్ధం చెప్పామని చెప్తావా? అది యాక్సిడెంట్ కన్నా పెద్ద కేసు." శశికాంత్ కేకలు వెయ్యలేదు. బతిమాలుతున్నట్టే అన్నాడు. "ఆయనకి తొంభై రెండేళ్ళు ప్రసూనా. ఇవాళ కాకపోతే రేపు ఎవరో ఒకరు ఆ తాళాలు లాక్కుంటారు. మన బతుకు మొత్తం ముందుంది."

వాట్సాప్ గ్రూపులో అందరూ దండాల బొమ్మలు పెట్టారు. దిష్టి పోయిందన్నారు. భీమశంకరం గారు ప్రత్యేకంగా ఫోన్ చేసి, ఆ గుద్దుకోవడంతో శనిప్రభావం చాలామటుకు తీరిపోయినట్టేనండీ అని ధైర్యం చెప్పారు. శశికాంత్‌కి తీరిన శని ఎవరి నెత్తినెక్కిందో ఆయన చెప్పలేదు. ప్రసూన అడగలేదు.

గురువారం పొద్దున్నే నెల్లో గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. లైసెన్సులిచ్చే డీఎంవీ ఆఫీసు వెనక కార్ల వరసలో వాళ్ళది మూడోది. పరీక్ష పెట్టే ఆవిడ ఇంకా రాలేదు. ప్రసూన అరచేతులు చున్నీకి తుడుచుకుంటోంది. ఏదో ఒకటి మాట్లాడకపోతే గుండె ఆగేటట్టుంది.

"మీ పేరు ఇంటర్నెట్‌లో వెతికానండీ ఒకసారి. కార్ల రేసుల్లో నడిపారని రెండు లైన్లు ఉన్నాయి. మూడేళ్ళు, ఏడు రేసులు, ఒకసారి సెకండ్ ప్లేస్."

"ఆ రెండు లైన్లు చాలు."

"అసలు మిమ్మల్ని రేసుల్లోకి ఎవరు తీసుకున్నారు?"

ఆయన ముందున్న కారు వెనక లైట్ల వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"యుద్ధం అయిపోయి పదేళ్ళు. మా ఊళ్ళో టమాటా డబ్బాల ఫ్యాక్టరీ యజమాని ఉండేవాడు. సరదాకి రెండు రేసు కార్లు పెట్టాడు. నేను మెకానిక్‌ని. నడిపేది ఫ్రాంకో. మా వీధివాడే. రేసుకి ముందు రోజు యజమాని ఒక అమ్మాయిని ఎక్కించుకుని ఫ్రాంకో నడిపే కారు తిప్పాడు. రాయికి కొట్టాడు. స్టీరింగ్ కడ్డీ వంగింది. కాల్చి వంపు తియ్యి, ఫ్రాంకోకి చెప్పకు అన్నాడు. కాల్చి వంపు తీశాను. ఒకసారి కాల్చాక ఆ కడ్డీలో బలం ఉండదని నాకు తెలుసు. మర్నాడు మలుపులో అది విరిగింది."

"చనిపోయాడా?"

"లేదు. తుంటి విరిగింది. బ్రేక్ ఆలస్యంగా వేశాడని యజమాని అందరికీ చెప్పాడు. అందరూ నా వైపు చూశారు. మెకానిక్‌ని కదా. నేను తలూపాను. తర్వాతి రేసుకి ఆ సీటు నాకిచ్చారు." ఆయన చేతులు మోకాళ్ళ మీద కదలకుండా ఉన్నాయి. "బాగా నడిపాను. అది కూడా నిజమే. దొంగిలించిన సీటులో కూర్చుంటే బండి సరిగా నడవదనుకుంటారు. నడుస్తుంది."

ప్రసూన ఆయన వైపు తిరిగింది.

"ఫ్రాంకో సినిమాహాల్లో టికెట్లు చింపేవాడు. మా ప్రాంతంలో రేసు జరిగితే చేతికర్రతో వచ్చి కంచె దగ్గర నిలబడి నాకు చెయ్యి ఊపేవాడు. ఒకసారి అడిగాడు. నెల్లో, ఆ కారు సంగతి నీకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. నేను బ్రేక్ వేళకే వేశానని నాకు గుర్తు. నిజం చెప్పు అన్నాడు."

"మీరేం చెప్పారు?"

"ఆలస్యంగా వేశావని చెప్పాను. చచ్చిపోయేదాకా అదే నమ్మాడు."

పరీక్ష పెట్టే ఆవిడ అద్దం మీద వేలితో కొట్టింది. నెల్లో గారు మెల్లగా దిగి, డోర్ పట్టుకుని ఆవిడకి సీటిచ్చాడు.

ప్రసూన పాసైంది. మలుపులన్నీ మెత్తగా తిప్పింది, స్టాప్ బోర్డు దగ్గర పూర్తిగా ఆపింది. ఆవిడ చాలా బాగా నేర్పారెవరో అని మెచ్చుకుంది కూడా. లోపల ఫోటో దిగి, తాత్కాలిక లైసెన్స్ కాగితం పట్టుకుని బయటికొచ్చేసరికి నెల్లో గారు కారుకి ఆనుకుని ఎండలో నిలబడి ఉన్నాడు.

"మీరు ఆగే ఉన్నారు నెల్లో గారూ," అంది గబగబా. "మీ కారు అంగుళం కూడా కదల్లేదు. నేనే నొక్కేశాను."

"నొక్కింది నువ్వని తెలుసు. నా కళ్ళు బాగానే ఉన్నాయి. నేనడిగింది నా పాదం సంగతి."

"మీ పాదం బ్రేక్ మీదే ఉంది."

ఆయన ఊపిరి వదిలాడు. ముఖంలో కొంచెం రంగు వచ్చింది. తర్వాత ఆమె చేతిలో ఉన్న కాగితం చూశాడు.

"ఆదివారం అడిగాను. గురువారం చెప్పావు. పాసయ్యాక."

అందులో కోపం లేదు. బండిలో ఫలానా చోట చప్పుడొస్తోంది అని చెప్పినట్టు చెప్పాడు. ప్రసూనకి చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు, ఎందుకంటే అది అక్షరాలా నిజం. ఆదివారం నుంచి నోరు నొక్కుకున్నది శశికాంత్ భయానికి మాత్రమే కాదు. ఈ కారు కావాలి, పక్కన ఈయన కావాలి, గురువారం గడవాలి.

"లిండాకి చెప్తానండీ. ఒట్టు."

"చెప్పు," అన్నాడు.

లిండా శుక్రవారం వచ్చింది. అరవై ఏళ్ళుంటాయి, షార్లెట్‌లో ఏదో హాస్పిటల్ ఆఫీసులో పెద్ద ఉద్యోగం. కారు డిక్కీలోంచి మడత పెట్టిన అట్టపెట్టెలు దింపుతోంది. శశికాంత్ పైన మీటింగ్‌లో ఉన్నాడు. ప్రసూన చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా పరిగెత్తింది. నిమ్మకాయలు, పర్మిట్, శశికాంత్ సీటు మారడం, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేసింది. పోలీసుకి ఫోన్ చేసి కూడా చెప్తానంది. చెప్పాక గుండె మీంచి పెద్ద బండ దిగినట్టయింది.

లిండా చలువ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "నాకు తెలుసమ్మా. కార్ల విషయంలో నాన్న తప్పు చెప్పరు."

"మరి?"

"మూడేళ్ళుగా ఆ తాళాలు ఇమ్మని అడుగుతున్నాను. ఇప్పటిదాకా నాకొక కారణం దొరకలేదు. ఇప్పుడు పోలీసు రిపోర్టు ఉంది. మంచి వృద్ధాశ్రమం చూశాను, పక్క ఊరు కేరీలో, నర్సులు ఉంటారు." అట్టపెట్టె విప్పి అడుగున టేపు అంటించింది. "మీరు ఎవరికీ ఫోన్ చెయ్యొద్దు. మీకు వీసా తలనొప్పులుంటాయి కదా. నాకు మీ ఇన్సూరెన్స్‌తో గొడవ వద్దు. ఎలా ఉన్నది అలా ఉండనిద్దాం."

"ఆయనకి నిన్న నిజం చెప్పేశానండీ. పాదం బ్రేక్ మీదే ఉందని."

లిండా టేపు తెంపడం ఆపింది. "పర్లేదు. నువ్వు మంచి పిల్లవి కాబట్టి, ముసలివాడు బాధపడకూడదని అలా అన్నావని చెప్తాను. తనే కొట్టానని నమ్మితేనే ఆయన కదులుతారు," అంది.

"కానీ అది నిజం కదండీ."

"అవును," అంటూ లిండా ఆమె చేతిమీద తట్టింది. "మీవాళ్ళు చాలా మర్యాదస్తులు."

ప్రసూన మెట్లెక్కుతూ, తనకి బాధ కన్నా ముందు తేలికగా అనిపించిందని గమనించుకుంది. పోలీసు లేడు, రికార్డు లేదు, అడిగేవాళ్ళు లేరు. తన మీద తనకే రోత పుట్టింది. అయినా ఆ తేలిక పోలేదు. శశికాంత్‌కి చెప్తే, చూశావా, నేను చెప్పలేదూ అని కాఫీ తనే కలిపి ఇచ్చాడు.

ఆ మధ్యాహ్నమే లిండా తండ్రిని డీఎంవీకి తీసుకెళ్ళింది. ఆయన లైసెన్స్ అక్కడ ఇచ్చేసి, దాని బదులు మామూలు గుర్తింపు కార్డు తీసుకుని వచ్చారు.

శనివారం సామాను కట్టడం అయిపోయింది. లిండా కారు పెట్టెలతో నిండిపోయి, ఇంకొకళ్ళు కూర్చునే చోటు లేదు. ముసలాయన పాత కారు కేరీ పక్కనే ఉన్న లిండా కొడుకు ఇంటికి చేర్చాలి. "నీకు లైసెన్స్ వచ్చిందటగా. నాన్నని ఎక్కించుకుని నా వెనకే రాగలవా?" అని లిండా ప్రసూననే అడిగింది. కాదనడానికి ప్రసూనకి ఏ మొహం ఉంది?

శశికాంత్ ఆఖరి పెట్టె తనే మోసుకొచ్చి డిక్కీలో పెట్టాడు. నెల్లో గారికి షేక్‌హ్యాండ్ ఇచ్చి, టేక్ కేర్ సార్ అన్నాడు. ఆయన మర్యాదగా చెయ్యి ఇచ్చాడు. తాళాలు లిండా చేతిలోంచి ప్రసూన చేతికొచ్చాయి.

ఆయన తన కారు ముందుకి వచ్చి, తను సరిచేసిన రేకు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. కనుబొమ మీద ప్లాస్టర్ తీసేశాడు, గాటు ఎర్రగా కనిపిస్తోంది.

"లిండా చెప్పింది," అన్నాడు ప్రసూనతో. "నా మనసు కష్టపెట్టకూడదని నువ్వు అలా అన్నావట. నా పాదం బ్రేక్ మీద ఉందని. మర్యాదకి అన్నావట. నిజమేనా?"

లిండా డోర్ తెరిచి పట్టుకుని అలాగే ఆగింది. శశికాంత్ చేతులకంటిన దుమ్ము దులుపుకుంటూ భార్య వైపు చూశాడు. నెల్లో గారు అరచెయ్యి రేకు మీంచి తియ్యలేదు. ఆయన తొందరపెట్టలేదు. మూడు నెలలు ఆమె ఒక్కొక్క మలుపూ తిప్పేదాకా ఎంత ఓపికగా చూశాడో, అంత ఓపికగానే చూశాడు.

"ఎండ ఎక్కువవుతోంది నెల్లో గారూ," అంది ప్రసూన. "బయల్దేరదాం."

ఆయన తలూపాడు. ప్రసూన చుట్టూ తిరిగి వచ్చి ఆయన కోసం ముందు డోర్ తీసి పట్టుకుంది. ఆయన ఆమెని దాటి, వెనక డోర్ తనే తీసుకుని, వంగి, కష్టంగా కాళ్ళు లోపలికి లాక్కుని వెనక సీట్లో కూర్చున్నాడు.

"ముందు కూర్చోండి నెల్లో గారూ."

"అది లైసెన్స్ ఉన్నవాళ్ళు కూర్చునే సీటు," అన్నాడు ఆయన, అలవాటు లేని చోట బెల్టు కోసం తడుముకుంటూ. "నాకు లేదు. నీకు ఇక అవసరం లేదు. పోనియ్యి."